రెండు సగాల రసాయనశాస్త్రం

మొన్న పొద్దున నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట కూర్చుంటే, పక్కన మంచం మీద డిగ్రీ చదివే మా మనవరాలు ట్యాబ్ ఒళ్లో పెట్టుకొని పరీక్షకు చదువుకుంటున్నది. ఎవరో దోస్తు ఫోన్ చేసి కెమిస్ట్రీ పుస్తకం అడిగినట్టుంది, ఈ పిల్ల చదివే పేజీ మీది నుంచి కన్ను తీయకుండనే వేలుతోటి ఏదో ఒత్తి, పంపిన చూడు అన్నది. మరి నువ్వేం చదువుతవే అని అడిగితే నవ్వింది. అది వాళ్ల కాలేజీ లైబ్రరీ పుస్తకమట, ఎంతమంది తెరిచినా ఎవరి పుస్తకం వాళ్లకు ఉంటదట. నా చేతుల చిక్కుడుకాయ అట్లనే ఉండిపోయింది.

మా ఈడు వాళ్లకు యాదుంటది, అప్పట్ల డిగ్రీ పుస్తకం దొరకడమంటే ఎంత పరేషానో. లైబ్రరీల ఉన్న ఒక్క పుస్తకం ఎప్పుడూ ఏ సారు ఇంట్లనో ఉండేది. అందుకని మా క్లాసుల ఇద్దరిద్దరు కలిసి ఒక పుస్తకం కొని, కార్వాన్‌ల జిల్దు కట్టే ఒక ముసలాయన దగ్గరికి తీసుకపోయి నడిమిట్లకు కోపిచ్చేది. ఆయన కత్తి పెట్టి వీపు కోసి, రెండు సగాలను దారంతోటి వేరువేరుగ కుట్టి, గుడ్డ అట్టలు వేసి ఇస్తే ఒక పుస్తకం రెండయ్యేది. పురుగు పట్టొద్దని మైదా గంజిల మైలుతుత్తం కలిపేటోడు. మేం పెద్ద చదువరుల లెక్క అది కాపర్ సల్ఫేటు అని చెప్తే, మీరు పుట్టకముందు నుంచి కలుపుతున్న బేటా అని నవ్వేటోడు.

నా జోడీ బహదూర్‌పురా పిల్ల. వాళ్ల నాయిన తాపీమేస్త్రి, మా బాపు ఫ్యాక్టరీల పని చేస్తుండె. ప్రతి ఆదివారం సగాలు మార్చుకునేది. ఒక వారం నేను పోవాలె, ఒక వారం ఆమె రెండు బస్సులు మారి సంతోష్‌నగర్‌ల మా ఇంటికి రావాలె. వచ్చినోళ్లను ఉత్త చేతులతోటి పంపొద్దన్నది మేం పెట్టుకున్న ఒకే ఒక్క షరతు. నేను పోతే వాళ్లమ్మ జొన్నరొట్టె పెట్టకుండ కదలనిచ్చేది కాదు, అందుకే నాకు వాళ్లింటికి పోయే వారమే ఎక్కువ ఇష్టముండేది.

ఆఖరి సంవత్సరం పరీక్షలొచ్చినయి. బుధవారం కెమిస్ట్రీ. మొదటి సగం నా దగ్గర ఉండె, ఆదివారం ఆమెకు ఇయ్యాలె, నాకేమో ఇంక రెండు పాఠాలు మిగిలినయి. ఎమ్మెస్సీ సీటు రావాలంటే ఒక్క మార్కు కూడ పోవద్దని నాకు పిచ్చి పట్టినట్టు ఉండె. ఆమె ఫికర్ వేరే. ఒక్క పేపరు తప్పినా చదువు బంద్, మిషన్ కుట్టుకుంట ఇంట్ల కూర్చోమని వాళ్ల నాయిన ముందే చెప్పిండు, ఆయన మాటంటే మాటనే. ఇదంతా నాకు తెలుసు, తెలిసే చేసిన. ఆదివారం ఆమె రెండో సగం పట్టుకొని గడప దగ్గర నిలబడితే, కుట్లు ఊడిపోయినయి, జిల్దు తాతకు ఇచ్చిన, మంగళవారం ఇస్తనన్నడు అని చెప్పిన. ఆ సగమేమో ఇంట్ల నా తలకింది మెత్త కింద ఉన్నది. ఆమె, సరే తియ్, ఇదన్న నువ్వు ఉంచుకో అని తన చేతిల ఉన్న సగం కూడ నాకే ఇచ్చి, ఉత్త చేతులతోటి పోయింది.

మంగళవారం పొద్దున నేనే రెండు సగాలూ తీసుకపోయి ఇచ్చిన. నీళ్లిచ్చింది, మంచిగ రాయి అన్నది, ఇంకేమీ అడగలే. ఫలితాలు వచ్చినంక నేను పాసైన, ఆమెకు ఆ ఒక్క పేపరే పోయింది. వాళ్ల నాయిన మాట తప్పలే. ఇంక తనకేం పనికొస్తదని పుస్తకం నాకే ఇచ్చింది.

సీటొచ్చిన సంబురంల ఆ రెండింటినీ మళ్ల ఒక్కటిగ కుట్టిద్దామని కార్వాన్ పోయిన. ముసలాయన మొదటి సగం అటూ ఇటూ తిప్పి చూసి, దీని కుట్లు ఊడలేదు గదా బేటా, పరీక్షలప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం నీ దోస్తు వచ్చి, కుట్లు ఊడి నా దగ్గరికొచ్చిన సగం ఇయ్యమని అడిగింది, నా దగ్గరికి రాలేదని చెప్పిన అన్నడు. అంటే మంగళవారం నాకు నీళ్లిచ్చినప్పటికే ఆమెకు అంతా తెలుసు. కుట్టియ్యకుండనే ఇంటికి తెచ్చుకున్న.

ముప్పై ఏండ్లు పిల్లలకు అదే కెమిస్ట్రీ చెప్పి రిటైరైన. కాగితం వాసన పోయింది, పుస్తకం పట్టుకున్న తృప్తి లేదు అని నా తోటివాళ్లు బాధపడుతుంటరు, నాకు ఆ బాధ లేదు. ఇచ్చినా తన దగ్గర తక్కువ కాని పుస్తకాన్ని దాచుకోవాలనే బుద్ధి మా మనవరాలికి ఎన్నడూ పుట్టదు, ఆ మార్పుకు నేను మనసార దండం పెడత. కాని ఆ పుస్తకం కోసం ఎవరూ రెండు బస్సులు మారి ఎవరి గడపకూ రారు, ఎవరి మొఖం ఎవరూ చూడరు. బహదూర్‌పురా అప్పుడెంత దూరమో ఇప్పుడూ అంతే దూరం. వాళ్ల గల్లీ ముంగట నుంచి ఎన్నోసార్లు ఆటోల పోయిన గని, ఆపు బాబూ అనే మాట ఒక్కసారి కూడ నా నోట్లకెళ్లి రాలే.