ఎనభై ఆరుకు కానుక

ఇవాళ పొద్దున రేపల్లె ప్యాసింజరు దిగిన ఒకాయన నా టిఫిన్ బండి దగ్గరకొచ్చి, ఏం కావాలో చెప్పకముందే ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు. కొడుకు ప్రాక్టీసు పరీక్ష ఫలితమట. "తొంభై ఒకటండీ! నూటికి!" అన్నాడు. తెనాలి స్టేషను బయట ఇడ్లీలు వేసుకునే నాకెందుకు చూపించాడంటే, సంతోషం పట్టలేని మనిషికి ఎదురుగా గరిటె పట్టుకున్నవాడున్నా చాలు. "చాలా సంతోషమండి. ఇంతకీ అవి మార్కులా, లైనులో చోటా?" అని అడిగాను. ఆయన ఫోను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. మామూలుగా అయితే నేనిక్కడొక జోకు వేసి చట్నీ వడ్డించేవాణ్ణి. ఇవాళ నోరు రాలేదు. "అబ్బాయినే అడగండి. మెల్లిగా అడగండి" అని ఉప్మా ఒక గరిటె ఎక్కువ వేసి పంపాను.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎనిమిదో తరగతి మధ్యలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. రమ్మని పంతుళ్ళు కూడా కబురు పెట్టలేదు, ఎవరి ప్రశాంతత వాళ్ళకు ముఖ్యం కదా. మా ఇంటి మొత్తానికి చదువంటే మా అక్క కూతురే. భట్టిప్రోలులో మా బావ ఊళ్ళోవాళ్ళ చేలల్లో పనికి వెళ్ళేవాడు. నారు మోయడం, పురుగుమందు కొట్టడం, కోతలైతే కుప్ప వేయడం. వారమంతా నడుం వంచే ఆ మనిషి ఆదివారం చర్చిలో సంఘపెద్దగా నిలబడితే మాత్రం గుంజలాగా నిటారుగా ఉండేవాడు. ఆయన ప్రార్థన ఎంత పొడుగు చేసినా అందులో అసలు విషయం ఒకటే: నా కూతురి కాలికి బురద అంటకూడదు, అది డాక్టరు కావాలి. అందుకే పిల్లను తెనాలిలో హాస్టల్లో పెట్టి ఇంటరు, డాక్టరు కోచింగూ కలిపి చదివించాడు. పొద్దున్నే అది నా బండి దగ్గరకు వచ్చేది. "డాక్టరుగారూ, కాస్త నాడి పట్టి ఈ చట్నీలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి" అనేవాణ్ణి. "ఉప్పు బానే ఉంది మావయ్యా, పేషెంటుకే వాగుడు ఎక్కువైంది" అనేది. ఇంటరు రెండో ఏడు చలికాలంలో దాని జవాబులు పొట్టిగా అవుతూ వచ్చాయి. పరీక్షల బడలిక అనుకున్నాం.

కోచింగువాళ్ళు ప్రాక్టీసు పరీక్ష పెట్టినప్పుడల్లా ఫలితం తండ్రి ఫోనుకు వచ్చేది. అంతా ఇంగ్లీషు, మధ్యలో అంకెలు. మా బావకు అంకెలు వచ్చు. ఒకసారి ఆ అంకెల్లో ఎనభై ఆరు కనిపించింది. అంతే, ఆయన కాళ్ళిక భూమికి ఆనలేదు. మా సంఘంలో ఒక అలవాటుంది. ఇంట్లో మేలు జరిగితే కానుక డబ్బులు ఒక కవరులో పెట్టి, పైన పేరూ కారణమూ రాసి ఇస్తారు, పాస్టరు అయ్యగారు ఆరాధనలో దాన్ని చదువుతారు. రోగం నయమైనందుకు, గేదె ఈనినందుకు, కోడలు కాపురానికి వచ్చినందుకు. ఆ ఆదివారం అయ్యగారు గొంతు సవరించుకుని, "వీరి కుమార్తెకు డాక్టరు పరీక్షలో నూటికి ఎనభై ఆరు మార్కులు అనుగ్రహించినందుకు" అని చదివారు. ప్రాక్టీసు అన్న మాట ఇంటికీ చర్చికీ మధ్య ఎక్కడో జారిపోయింది. స్త్రీల వైపు నుంచి "స్తోత్రం" అని గట్టిగా వినిపించింది. తెనాలి నుంచి పిల్లతో వచ్చిన నేను కూడా తెల్లచొక్కా వేసుకుని పెళ్ళికొడుకు తరపువాడిలా చుట్టూ చూశాను. "సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు అయ్యగారు. పిల్ల లేచి, ముందు బెంచీ అంచు పట్టుకుని, "నా కోసం ప్రార్థన చేయండి" అని కూర్చుంది. ఎంత అణకువో అనుకున్నారంతా.

సాయంత్రం తెనాలి రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, పల్లీలు కొనిచ్చి, "డాక్టరుగారు మాతో మాట్లాడరా?" అన్నాను. అది పల్లీల పొట్లం విప్పకుండానే, "మావయ్యా, అవి మార్కులు కాదు" అంది. నాకు అర్థం కాలేదు. అప్పుడది నా బండినే పలక చేసి చెప్పింది.

"నీ బండి దగ్గర వందమంది లైనులో ఉన్నారనుకో. నా వెనక ఎనభై ఆరుగురు ఉన్నారని ఆ అంకెకు అర్థం."

"మంచిదేగా! వెనకే ఎక్కువమంది ఉన్నారు."

"నా ముందున్నవాళ్ళ సంగతేంటి? నీ దగ్గర నాలుగు ప్లేట్లే ఉంటే?"

గిన్నె అడుగంటాక వచ్చి నిలబడ్డవాళ్ళ మొహాలు నేను రోజూ చూస్తూనే ఉంటాను. ఎదుటివాడి ప్లేటు చూస్తూ గుటక వేసి, "పర్లేదులెండి" అని వెళ్ళిపోతారు. మా పిల్ల మొహం అచ్చం అలాగే ఉంది. అసలు మార్కులు సగానికి కాస్త పైన ఉన్నాయట, భౌతికశాస్త్రం కిందికి లాగుతోందట. "నాన్నకు చెబుదామనే వచ్చాను. చర్చిలో నాన్న మొహం చూశాక ఎలా చెప్పను?" అంది.

మర్నాడే బండి మూసేసి దాన్ని బాపట్ల తీసుకెళ్ళాను. దానికి ఇంటరులో మొక్కల పాఠం చెప్పిన మాస్టారు పదవీ విరమణ చేసి అక్కడే ఉంటున్నారు. పిల్ల నా ఫోనులో తెరిచి చూపిన పాత పరీక్షల ఫలితాలన్నీ ఆయన వరసగా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్క పరీక్ష చూసి పొంగకూడదు, కుంగకూడదు. అన్నీ కలిపి చూస్తే దారి తెలుస్తుంది. ఈ ఏడు డాక్టరు సీటు కష్టం తల్లీ. వ్యవసాయ డిగ్రీకైతే నీకు చోటుంది. ఆ ప్రవేశపరీక్షకు కూర్చో. మొక్కలూ జంతువులూ నీకు బలం, వాటిని వదలొద్దు. భౌతికశాస్త్రంలో తప్పు పోయిన లెక్కలే మళ్ళీ మళ్ళీ చెయ్యి" అన్నారు. నాలాంటివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పారు, అది మామూలు విషయం కాదు. తిరిగి వచ్చేటప్పుడు అది పల్లీలు తింది.

శనివారం భట్టిప్రోలు ఇంటి అరుగు మీద తండ్రికి అదే లైను, అవే ప్లేట్లు చెప్పింది. బావ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. ఎంత కడిగినా గోళ్ళ సందున ఆ మట్టి పోదు.

"ఇంకో ఏడాది కోచింగులో కూర్చోబెడతాను. నీకేంటి?" అన్నాడు.

"కూర్చుంటే నాలుగడుగులు ముందుకు జరుగుతానేమో నాన్నా. కానీ నాకు ఆ లైను వద్దు. వ్యవసాయం చదువుతాను."

"దాన్నించి తప్పించాలనే కదే నిన్ను చదివించింది!"

మా అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. జోకుల కోసం నావైపు చూడని రోజు మా ఇంట్లో అదొక్కటే. పిల్ల తండ్రి వైపు తిరిగింది. "మందు కొట్టొచ్చి రాత్రంతా దగ్గావు, గుర్తుందా? ఆ డబ్బా మీద ఏముందో చదివి చెప్పమన్నావు. చదివాను గానీ నాకేం అర్థం కాలేదు నాన్నా. నాకు అది చదవాలనుంది."

బావ గోళ్ళ సందు మట్టిని వేలితో గీకుతూ, "మరి సంఘంలో చెప్పించానే" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. "కానుక కూడా వేసేశాను."

"వెనక్కి అడుగుతావేంటి, బావా?" అన్నాను, గాలి కాస్త తేలికవుతుందేమోనని. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

మర్నాడు ఆరాధనలో అయ్యగారు కానుకల కవర్లు చదవడం ముగించారు. మా బావ లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. రెండు చేతులూ ముందు కట్టుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. పైన ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. పక్క బెంచీలో మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల తల వంచేసింది. అప్పుడు అన్నాడు: "పోయిన ఆదివారం నేను రాయించిన అంకె తప్పండి. అది ప్రాక్టీసు పరీక్ష. అవి మార్కులు కావు. అమ్మాయి డాక్టరు పరీక్షకు కాదు, వ్యవసాయం పరీక్షకు చదువుతుందండి. అంకె తప్పే గానీ, కానుక తప్పు కాదండి. నిజం చెప్పే పిల్లను దేవుడు ఇచ్చాడు. అందుకని ఆ కానుక ఉంచుకోమనండి." కూర్చున్నాడు. స్త్రీల వైపు నుంచి ఎవరో, ఈసారి గట్టిగా కాదు, చాలా మెల్లగా, "స్తోత్రం" అన్నారు.

ఇప్పుడది వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఇంటికి వస్తే మూతికి గుడ్డ కట్టుకోకుండా మందు కొట్టావేంటని తండ్రిని కేకలేస్తుంది. ఆయన ఆ కేకలను ఊరంతా తిరిగి చెప్పుకుంటాడు. దాని ఇన్నేళ్ళ చదువూ నా కళ్ళ ముందు ఇట్టే గడిచిపోయింది. ఆ ఆదివారం మా బావ లేచి నిలబడిన తరువాత, మాట పెగిలేదాకా ఉన్న ఆ కాస్త సేపు మాత్రం నాకు ఇంకా గడవలేదు.