ఏం తిన్నావు?

పేరు నున్జియాతా. వయస్సు డెబ్బై రెండు. నేపుల్స్ నగర వాస్తవ్యురాలు. విశ్రాంత గుమాస్తా ఎర్మానో గారు ఆమెను ముప్పై యేళ్ళుగా ఎరుగుదురు. ఆమెకున్న అలవాటు ఒక్కటే: సముద్రంలో దిగబోయే ప్రతి మనిషినీ ఆపి "ఏం తిన్నావు?" అని అడగటం. తిన్నవాడు మూడు గంటలు గట్టున కూర్చోవాలి. లేకుంటే కడుపులో తిండి గడ్డకట్టి రాయిలా మునిగిపోతాడని ఆ ఊరి తల్లులందరూ చెప్పేదే. అయితే వారు తమ పిల్లలకు మాత్రమే చెబుతారు. నున్జియాతా మధ్యధరా సముద్రానికంతటికీ చెప్పేది.

ఒకసారి చర్చి ఫాదరు గారికి కూడా మినహాయింపు లభించలేదు.

"పూజలో ఇచ్చిన అప్పం ముక్కే తల్లీ!"

"పవిత్రమైందే, కాదనను. కానీ పిండితో చేసిందేగా! పావుగంట కూర్చోండి."

ఎర్మానో గారి ఆయుర్దాయంలో చెప్పుకోదగిన భాగం ఈ విధంగా అరుగుదలలోనే గడిచింది. అనుమతి దొరికే వేళకు సూర్యుడు దిగిపోయేవాడు. ఈదే ఓపిక ఆయనకూ ఉండేది కాదు.

ఈ వేసవిలో నగరం వారు ఆ తీరాన్ని కొత్తగా తీర్చిదిద్దారు. చెక్క నడవ వచ్చింది. నొక్కితే నీళ్ళు చిమ్మే గొట్టాలు వచ్చాయి. నిషేధాల పలక కూడా వచ్చింది. ఎండలో దానిని ఆసాంతం చదివేసరికి ఎర్మానో గారికి ఆయాసం వచ్చింది. సొంత కుర్చీలు నిషిద్ధం. వండిన పదార్థాలు నిషిద్ధం. నున్జియాతా సొంత కుర్చీలోనే కూర్చుని ఉంది. కుర్చీ కింద మూతపెట్టిన గిన్నె ఉంది.

"పలక చదివారా?" అన్నారాయన నీరసంగా.

"చదివాను గుమాస్తా గారూ. ఏం తిన్నావని అడగకూడదని అందులో ఎక్కడా లేదు."

అంతలో మునిగేవారిని కాపాడటానికి కొత్తగా నియమితుడైన మిర్కో వచ్చాడు.

"పిన్నీ, ఈ కుర్చీ, గిన్నె తీసెయ్యాలి. రేపు కనబడితే బండెక్కించేస్తారు. మళ్ళీ నన్ననకు."

"సర్లే. నువ్వేం తిన్నావు?"

"నేను ఈతకి రాలేదు!"

"ఎవడైనా మునిగితే దిగవూ? చెప్పు."

మిర్కో గుటక వేశాడు. "గవ్వల సేమ్యా, వేయించిన చేప, పుచ్చకాయ, ఆ పైన కేకు..."

నున్జియాతా గిన్నె మూత తీసింది. పొరపొరకూ చీజు కరిగిన వంకాయ కూర. పళ్ళెం నిండా పెట్టి చేతికిచ్చింది.

"వద్దు పిన్నీ, పొట్టలో చోటు లేదు!"

"అంత విందు తిన్నవాడికి ఈ ముక్క బరువా? కానివ్వు."

పళ్ళెం కడగనక్కర్లేకుండా తిన్నాడు.

"అబద్ధమని మీకెలా తెలిసింది?" అని ఎర్మానో గారు మెల్లగా అడిగారు.

"తిన్నవాడు ఉప్పెక్కువైందనో, కోడలు మాడ్చిందనో సణుగుతాడండీ. విందు వర్ణించాడంటే కడుపు ఖాళీ."

ఎర్మానో గారు చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నారు. భార్య చనిపోయిన ఏటి వేసవిలో ఆయన కూడా ప్రతిరోజూ ఇక్కడికి వచ్చి విందులే వర్ణించారు. ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పమంటూ నున్జియాతా రోజుకొక పళ్ళెం అందించేది. తన నాలుక మీద ఆమెకంత గురి అని ఆయన ఇన్నేళ్ళుగా మురిసిపోతూ ఉన్నారు.

మిర్కో లేవబోయాడు.

"ఎక్కడికి? తిన్నావుగా! మూడు గంటలు నీళ్ళ జోలికి పోకూడదు."

"ఈలోగా ఎవరైనా మునిగితే?"

నున్జియాతా అతని మెడలోని ఈల అందుకుని గట్టిగా ఊదింది.

"అందరూ బయటికి రండి! పిల్లాడు అన్నం తిన్నాడు! మూడు గంటలదాకా ఎవరూ మునగడానికి వీల్లేదు!"

సముద్రం ఖాళీ అయింది.

ఆ సాయంత్రం, అలసట తీరకమునుపే, ఎర్మానో గారు ముత్యాల వంటి అక్షరాలతో అర్జీ వ్రాశారు:

"సదరు నున్జియాతా గారికి తీరమున ఒక కుర్చీని, మూత గల ఒక గిన్నెను అనుమతించవలసినదిగా సవినయముగా ప్రార్థించడమైనది. ఉత్తర్వు వ్రాయు అధికారివారు ఆ పూట తామేమి భుజించినదీ అందు తెలుపగలరు. విందు అయినచో, దయచేసి ఉత్తర్వుతో స్వయముగా రావలెను."