జంగయ్య కళ్లు కనిపించని టేపు

మా ముత్తాత వెంకట నరసింహారావు నిజాం కాలంలో పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, మా తాత రాఘవరావు, ముప్ఫై ఏళ్లు ఊరికి పోలీసు పటేల్‌గా ఉన్నారు. తహసీల్దారు వస్తే మా గడి, అంటే కోటలాంటి మా ఇంటి ముందే గుర్రం దిగి, నడిచి లోపలికి వచ్చేవాడని మా అవ్వ చెప్పేది. నా వరకు వచ్చేసరికి గడిలో వానకు కారని గదులు నాలుగు, వెనక బత్తాయి తోట, తోటలో ఒక బావి మిగిలాయి. కొన్ని అలవాట్లు కూడా మిగిలాయి. వాటిలో ఒకటి ఇక్కడ చెప్పాలి. మా ఇంటి మగవాళ్లు ఊళ్లో ఎవరి వాకిట్లోనూ నేల మీద కూర్చోరు. కుర్చీ వేస్తే కూర్చుంటారు, లేకపోతే నిలబడి మాట్లాడి వచ్చేస్తారు. ఇది నాకెవరూ నేర్పలేదు. నడక వచ్చినట్టే వచ్చింది.

1992 ఎండాకాలం. హైదరాబాదులో జర్నలిజం పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చివరి పేపరుకు బదులు ఇద్దరేసి విద్యార్థులు కలిసి ఒక డాక్యుమెంటరీ చేయాలి. ఇరవై నిమిషాల వీడియో, గోడకు తగిలించే ఫొటోలు, ఊరివాళ్ల మాటలతో ఒక ఆడియో టేపు, మూడూ కలిపి ఒకే కథ చెప్పాలి. ఇప్పుడు దీన్ని మల్టీమీడియా అంటున్నారు. అప్పుడు మాదంతా ఒక రేకు పెట్టెలో పట్టేది. మా గైడ్ రజియా మేడం పెట్టిన షరతు ఒక్కటే: సినిమాలో ఉన్నవాళ్లకు ఆ సినిమా పనికి రావాలి.

నేను మా ఊరినే ఎంచుకున్నాను. మర్రిగూడ వైపు ఊరు, పేరు రాయను. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక బిగుసుకుపోయి మనిషి వంగిపోతాడు, పిల్లల మోకాళ్లు లోపలికి తిరుగుతాయి. ఆ వేసవిలో మంచినీళ్ల ట్యాంకరు ఏ ఊరికి ముందు పంపాలో తేల్చే అధికారి ఒకరు మా ప్రదర్శనకు వస్తానన్నారు. అంటే మేం తీసేది మార్కుల కోసం మాత్రమే కాదు.

నా జతగాడు సాల్మన్ మహబూబ్‌నగర్ జిల్లావాడు. వాళ్ల నాయన కాలువలు, డ్యాములు తవ్వుతూ దేశమంతా తిరిగిన కూలి. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒకే ఒక్క వీడియో కెమెరాను మూడు రోజులకు సంతకం పెట్టి తీసుకున్నాం.

ముందుగా జంగయ్య ఇంటికి వెళ్లాం. ఒకప్పుడు మా ఇంట్లో జీతానికి ఉన్న పాలేరు. ఏళ్లు యాభై దాటలేదు. నడుం కొడవలిలా వంగిపోయింది, ముఖం ఎప్పుడూ నేలనే చూస్తుంది. ఎవరినైనా చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి. సాల్మన్ మైకు పట్టుకుని ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. కూర్చోగానే "మామా" అని పిలిచాడు. నేను కెమెరాను ట్రైపాడ్ మీద నా ఎత్తుకు నిలబెట్టి, వెనక నిలబడ్డాను.

"ఎప్పటి నుంచి ఇట్లయింది జంగయ్యా?"

"ఏం చెప్పాలె దొరా. మా రాత."

"నొప్పి ఉంటదా?"

"ఉంటది దొరా."

"నీళ్ల వల్లనే అని తెలుసా?"

"డాక్టరు సార్లు చెప్పిండ్రు దొరా."

అంతకు మించి ఏమీ రాలేదు. ఆయన భార్య అంజమ్మ మాత్రం ఆరేళ్ల మనవరాలు సుజాతను ముందుకు తోసింది. పిల్ల పళ్ల మీద అప్పటికే గోధుమరంగు గీతలున్నాయి.

"మాదంటరా, అయిపాయె. గీ పిల్ల మోకాళ్లు వంగకముందు మంచినీళ్లు వస్తయా రావా, గది చెప్పుండ్రి చిన్నదొరా."

"అధికారి చూస్తరు. చూసినంక వస్తయి" అన్నాను. అనకూడని మాట. మా వృత్తిలో ఎవరికీ ఏమీ హామీ ఇవ్వకూడదు. ఇంకా ఎనిమిది ఇళ్లు తిరిగాం. అన్ని ఇళ్లలోనూ అవే జవాబులు.

తిరిగి వచ్చాక మేడంకు రషెస్ చూపించాం. రషెస్ అంటే ఎడిటింగ్ చేయని ముడి దృశ్యాలు. ఆమె అరగంట చూసింది. తర్వాత టేపు ఆపింది.

"టవళ్లు కనిపిస్తున్నయి, నెత్తులు కనిపిస్తున్నయి. కళ్లేవి బాబూ?"

"ఆయన నడుం వంగిపోయింది మేడం. తల లేవదు."

"ఆయన తల లేవదు. నీ నడుం వంగదా?"

సాల్మన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఈయన కెమెరా గూడ దొరనే మేడం. కుర్చీ వేస్తేనే కూసుంటది."

పైనుంచి కిందికి తీసే షాట్‌ను హై యాంగిల్ అంటారు. అందులో మనిషి చిన్నగా, ఓడిపోయినట్టు కనిపిస్తాడు. ఇది మొదటి నెలలోనే చెప్పే పాఠం. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా తొమ్మిది ఇళ్లలో నా ట్రైపాడ్ ఒక్కసారీ కిందికి దిగలేదు. దించాలన్న ఆలోచనే రాలేదు.

అధికారి రావడానికి పది రోజులున్నాయి. కెమెరా ఇంకొక్క రోజుకే దొరికింది. మాల్ అనే ఊరి మీదుగా బస్సులో వెళుతున్నంతసేపూ రేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని ఒకటే లెక్క వేసుకున్నాను: ఈసారి కూడా కళ్లు దొరక్కపోతే చూపించడానికి ఏముంది? ఆ పిల్లకు నేను ఇచ్చిన మాట ఏమవుతుంది?

జంగయ్య వాకిట్లో కెమెరాను ఒక ఇటుక మీద పెట్టాను. వ్యూఫైండర్‌లోకి చూడాలంటే కూర్చుంటే సరిపోలేదు, పడుకోవాల్సి వచ్చింది. ఒక చెంప మట్టికి ఆనింది. గోడ అవతల ఎవరో ఆడవాళ్లు గుసగుసలాడుకోవడం వినిపించింది.

"లేవుండ్రి చిన్నదొరా, బట్టలు ఖరాబైతయి" అన్నాడు జంగయ్య కంగారుగా. "పెద్దదొర జూస్తే నన్నంటడు." పెద్దదొర అంటే మా నాయన.

"ఉండనీ మామా" అన్నాడు సాల్మన్. "నేల కరవదని ఈయనకు గిప్పుడే ఎరుకైతాంది."

జంగయ్య నవ్వాడు. అప్పుడు చూశాను ఆయన కళ్లు. అంచుల్లో బూడిదరంగు తిరిగిన కళ్లు, సూటిగా నన్నే చూస్తున్నాయి. పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషి. ఆ కళ్లను ఎదురుగా చూడడం అదే మొదలు. ఈసారి నేను ప్రశ్న అడగలేదు. ఆయనే అడిగాడు.

"ఒక్కటడుగుత దొరా, ఏమనుకోవద్దు. మీరెప్పుడన్న మా బోరు నీళ్లు తాగిండ్రా?"

"లేదు."

"పెద్దదొర?"

"లేదు."

"మీరంత తోటల బావి నీళ్లు తాగిండ్రు. ఆ బావి పూడిక దీసినోన్ని నేనే. తీసిననాడు దోసిలి పట్టి తాగిన, కొబ్బరి నీళ్ల లెక్కుండె. మల్ల తోట గేటుకు తాళమేసిండ్రు. మేం బోరుకాడికి పోయినం. గంతే. మీ నడుం నిలవడ్డది, నాది వంగింది. మొన్న రాత అన్న గని, రాత గాదు దొరా."

కెమెరా ముందు ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నా వేలు బటన్ మీద ఉంది. నొక్కి ఆపలేదు. ఆ రోజు నేను చేసిన పని అంతే.

సాల్మనే అడిగాడు. "మామా, గీ మాట సినిమల ఉంటది. పెద్దదొర జూస్తడు. ఉంచమంటవా, తీసెయ్యమంటవా?" ఇలా అడిగి ఒప్పుకోలు తీసుకోవడాన్ని మా వృత్తిలో కన్సెంట్ అంటారు. మొదటి రోజు తొమ్మిది ఇళ్లలో ఎక్కడా నేనది అడగలేదు. దొర కొడుకు వస్తే ఒప్పుకోక ఏం చేస్తారనుకున్నానో, అసలు అనుకోనే లేదో.

జంగయ్య భార్య వైపు మెడ తిప్పాడు.

"ఉండనియ్యి" అంది అంజమ్మ. "ఇంక వంగేతందుకు ఏమున్నది?"

వచ్చేటప్పుడు సాల్మన్ ఆ బావి నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాడు. నిశ్చింతగా తాగవచ్చని వచ్చింది. ఇక ఆ మాటను కాదనడానికి నాకు ఆ దారి కూడా లేకపోయింది.

ఎడిటింగ్ గదిలో రెండు రోజులు ఆ ముక్కను తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. ఆ తాళం వేయించిన మా తాత చెడ్డవాడు కాదు. కరువులో గాదెలు తెరిచిన మనిషి. ఆ మాట సినిమాలో లేదు, బావి మాట మాత్రం ఉంది. ఇది న్యాయమా అని మేడంను అడగబోయి, నిడివి ఎక్కువైంది మేడం అన్నాను.

"ఎక్కువైతే నీ వ్యాఖ్యానం కొయ్" అంది ఆమె. "ఇంకో సంగతి. అధికారికి చూపించే ముందు ఊళ్లో చూపించు. ఎవరి ముఖమో వాళ్లు ముందు చూసుకోవాలె."

బడి గదిలో మధ్యాహ్నం కరెంటు ఉండే వేళ చూసి, కిటికీలకు గొంగళ్లు కట్టి, అద్దెకు తెచ్చిన టీవీ పెట్టాం. నాయనతో ముందురోజు రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. "ఎండ బాగా ఉన్నది, మీరు రావద్దు" అని మాత్రం అనగలిగాను. ఆయన వచ్చారు. ఇస్త్రీ ధోవతి, చేతికర్ర. ఎవరో కుర్చీ వేశారు. మిగిలినవాళ్లంతా కింద కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. టేపు తిరగడం మొదలైంది.

జంగయ్య ముఖం తెర నిండా వచ్చింది. పిల్లలు నవ్వారు. ఎవరో పెద్దాయన, "అరె జంగా, నీకు కండ్లున్నయా?" అన్నాడు. గది మొత్తం నవ్వింది, జంగయ్యతో సహా. తర్వాత బావి మాట వచ్చింది. నవ్వు ఆగిపోయింది. ఒక్కరూ వెనక్కి తిరిగి కుర్చీ వైపు చూడలేదు.

టేపు అయిపోయింది. గొంగళ్లు తీశారు. నాయన కర్ర మీద రెండు చేతులు పెట్టుకుని కొద్దిగా ముందుకు వంగారు.

"తాళమా?" అన్నారు. "ఆ తాళం తుప్పు పట్టి ఊడిపోయి ఎనిమిదేండ్లాయె. గేటుకు ఉన్నది ఉత్త గొళ్లెం. ఎవరొద్దన్నరు?"

నాకూ ఆ సంగతి తెలియదు. మేం ఎప్పుడూ ఇంటి వైపు నుంచి తోటలోకి వెళ్లేవాళ్లం. ఊరి వైపు గేటు దగ్గరికి నేను ఏనాడూ పోలేదు. ఊరివాళ్లు ఆ గేటు ముందు నుంచి రోజూ బోరుకు నడిచారు. ఎనిమిదేళ్లలో ఒక్కరూ దాన్ని తోసి చూడలేదు.

వెనక వరుసలోంచి అంజమ్మ, గొంతు పెంచకుండా అంది. "ఎవరు రమ్మన్నరు దొరా?"

నాయన లేచారు. ఎవరి వైపూ చూడకుండా, నడుం నిటారుగా పెట్టుకుని బయటికి నడిచారు. ఆ సాయంత్రం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను అన్నం తినకుండా పడుకున్నాను. ఈ ఊళ్లో నాకు ఇక ఇల్లు లేదనుకున్నాను.

పొద్దున్నే మేడ మీద నుంచి చూస్తే, అంజమ్మ రెండు బిందెలతో తోట గేటు ముందు నిలబడి ఉంది. కాసేపు అటూ ఇటూ చూసింది. ఒకసారి దగ్గింది. తర్వాత భుజంతో గేటు తోసింది. నా వెనక నాయన ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు.

"బావి తోవల ముండ్లకంప ఉన్నది" అన్నారు. "కొట్టెయ్యమని చెప్పు. పిల్లలు పోతరు."

అంతకు మించి ఆ విషయం మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అధికారి సినిమా చూశారు, బాగుందన్నారు. ఈ ఊరికి మంచినీళ్ల బావి ఉంది కదా అని ట్యాంకరును ముందు పక్క ఊరికి పంపారు. ఆయన లెక్కలో తప్పు లేదు. బావిని చూపించింది నేనే. సుజాత ఆరేళ్లు ఆ నీళ్లు తాగింది. పళ్ల మీది గీతలు పోలేదు, మోకాళ్లు మాత్రం వంగలేదు.

తర్వాత చాలా ఏళ్లు నేను ఇదే పాఠం చెప్పి బతికాను. కొత్త విద్యార్థులు కెమెరా ముట్టుకోకముందే, ఎవరి గురించి తీస్తున్నారో వాళ్ల వాకిట్లో ఒక పూట కూర్చుని రమ్మంటాను. కుర్చీ అడగవద్దంటాను. ఎదుటి మనిషి మాట్లాడడం లేదంటే ముందు మీ కళ్లు ఏ ఎత్తులో ఉన్నాయో చూసుకోండి అంటాను. తాళం లేని గేట్లు కూడా ఊళ్లో ఉంటాయని, వాటిని ప్రశ్నలతో తెరవలేమని చెబుతాను. సినిమా అయిపోయాక ఆ ఊరి బాధ్యత అయిపోదని కూడా చెబుతాను. ఆ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం ఎవరి ముఖంలోకీ చూడను.

నాయన 1997లో పోయారు. మరుసటి ఏడు బత్తాయి తోట, బావితో సహా అమ్మేశాం. కొన్నవాళ్లు బావి పూడ్చి ఆ జాగాలో బోరు వేశారు. ఊరు మళ్లీ బోరు నీళ్లకే పోయింది. అమ్మకం కాగితం మీద సంతకం నాది.