బొట్టుబిళ్ళ కింది ఎర్ర దీపం

"యో, అదేంది ఆ మూల ఎర్రగా ఎలగతా ఉండాది?"

"ఏం లేదులేమే. నీ బొట్టుబిళ్ళ ఒగటి ఇయ్యి, మూసేస్తా."

మా ఆయన చెంగల్రాయుడికీ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఇంట్లో కొత్త బొట్టుబిళ్ళల అట్ట లేదు. నుదుటి మీద ఉన్నదే తీసి ఇచ్చాను. కారు కిటికీలోంచి చెయ్యి చాపి తీసుకుని స్టీరింగు ముందున్న మీటరు అద్దం మీద అతికించాడు. రైల్వే స్టేషన్లో దిగిన యాత్రికులను ఎక్కించుకుని శ్రీకాళహస్తికి పోయాడు.

దయ్యం, గాలి, ధూళి అంటే నేను లెక్కచేసిన మనిషిని కాదు. తిరుపతిలో మా ఇంటి గోడా శ్మశానం గోడా ఒకటే. కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఆ గోడ మీదే దుప్పట్లు ఆరేస్తున్నాను. ఇంతవరకు ఒక్క దుప్పటీ పోలేదు, మనుషులు ఎత్తుకుపోయినవి తప్ప.

నాకు సంతకం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడు మునిరత్నం రాస్తున్నాడు. మధ్యలో నీ తెలివి కలపొద్దని వాడికి ముందే చెప్పాను.

మాది బాడుగ కారు. ముందు సీట్లో కూర్చున్నప్పుడల్లా ఆయన నాకు మీటరులో దీపాలు నేర్పించేవాడు. అవి అక్షరాలు కాదు కదా, బొమ్మలే. చెంబు బొమ్మ ఆయిలుది, పెట్టె బొమ్మ బ్యాటరీది, తాబేలు మాదిరి ఉండేది ఇంజనుది. తాళం తిప్పగానే అన్నీ వెలగాలి, బండి స్టార్టయ్యాక అన్నీ ఆరిపోవాలి. పసుపుది మిగిలితే నిదానంగా షెడ్డుకు పోవచ్చు. ఎర్రది మిగిలితే ఉన్నచోటే ఆపాలి. నాకు ఇంత నేర్పిన మనిషి, తను మాత్రం ఏ దీపం వెలిగినా దాని మీద బొట్టుబిళ్ళ అతికించేవాడు. ఎందుకయ్యా అంటే, యాత్రికులు బెదిరిపోతారనేవాడు. నా నుదుటి కంటే ఆ మీటరుకే బొట్లు ఎక్కువ ఖర్చయ్యాయి.

ఆ రోజు నేను చూసింది చెంబు కాదు, పెట్టె కాదు, తాబేలు కాదు. కుడి మూలలో, ఏ బొమ్మా లేకుండా, బొట్టుబిళ్ళంత గుండ్రంగా ఎర్రగా ఉంది.

కాళహస్తిలో యాత్రికులను గుడి దగ్గర దింపి, బండి నీడలో పెట్టి, సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. వాళ్ళు దర్శనం చేసుకుని వచ్చి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. అంతకుముందు ఏనాడూ నొప్పి అన్న మాట ఆయన నోట వినలేదు.

కర్మాంతరాల రోజు నలుగురి ముందూ మా ఆడబిడ్డ అనేసింది. "నుదుటి బొట్టు పీకి మొగుడి చేతిలో పెట్టినాక ఇంగ వాడెట్ల బతుకుతాడు?"

ఆ మాట నేను ఎక్కడికి పోయినా నాకంటే ముందే పోయి కూర్చునేది. నేను బొట్టు ఊరికే పీకలేదు, బండిలో దీపం వెలిగితే ఇచ్చాను. అది ఏ దీపమో తేల్చుకుని ఆమె మొహాన కొట్టాలని, తెలిసిన డ్రైవరు చేత బండి తోలించుకుని షెడ్ల చుట్టూ తిరిగాను.

మొదటి షెడ్డులో దీపం సంగతి అడిగితే ఆయిలు మార్చారు. గాలి ఫిల్టరు కూడా మార్చారు. రెండో షెడ్డులో అడిగితే బ్రేక్ ప్యాడ్లు మార్చారు. నేను అడిగేది ఒకటి, వాళ్ళు మార్చేది ఒకటి. దీపం ఏదిరా అంటే, "అన్నీ కొత్తవి ఏసినాము కదక్కా, ఇంగ ఎలగదులే" అంటారు. వెలగకూడదని నేను అడిగానా? ఎందుకు వెలిగిందో చెప్పమన్నాను.

మూడో షెడ్డు మేస్త్రీ ఏదో వైరు తగిలించి, చిన్న కంప్యూటరులో చూసి, తప్పేమీ లేదన్నాడు. నేను కదలకుండా అక్కడే కూర్చున్నాను. చివరికి విసుగొచ్చి మీటరు విప్పి వెనకవైపు చూపించాడు. ముందు వైపు నా బొట్టుబిళ్ళ ఇంకా అట్లాగే ఉంది. దాని వెనక నల్ల ప్లాస్టిక్కు తప్ప ఏమీ లేదు. బల్బు లేదు, వైరు లేదు, చిన్న రంధ్రం కూడా లేదు.

"ఈడ దీపమే లేదు కదమ్మా. యాడ్నించి ఎలగతాది?"

"అయితే మా ఆయన లేని దీపానికి బొట్టు పెట్టినాడా?"

"ఎండ పడి మెరిసుంటాదిలే."

ఎండంట. మేము బండి పెట్టేది రేకుల కింద. ఆ బొట్టు తీసి అక్కడే పారేసి వచ్చాను.

ఆ తర్వాత బండి మా తమ్ముడి చేతికి వచ్చింది. దాని మీదే మా రెండు ఇళ్ళూ గడుస్తాయి. మొన్న ఎండాకాలంలో సత్యవేడులో చుట్టాల ఇంటికి మేమిద్దరమే బయలుదేరాము. పుత్తూరు దగ్గర వాడే అన్నాడు.

"అక్కా, ఈ మూల ఏందో ఎర్రగా ఎలగతా ఉండాది సూడు."

చూశాను. అదే మూల. అంతే గుండ్రం.

"బావ మాదిరి బొట్టుబిళ్ళ అతికించేదా?" అని నవ్వాడు. నవ్వినాక నా ఖాళీ నుదురు చూసి మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

"ఆపరా బండి."

"ఆయిలు మొన్ననే మార్చినా కదా కా."

"ఆ దీపం బండికి కాదురా. నీకు."

బండి పక్కకు తీయించి తాళం లాక్కున్నాను. ఆటో ఎక్కించి పుత్తూరులో ఆసుపత్రికి తీసుకుపోయాను. నొప్పి లేదు, చెమట లేదు, కడుపు నిండా ఇడ్లీ తిన్నానని దారంతా తిడుతూనే ఉన్నాడు. డాక్టరు దగ్గర, "నాకేం లేదు సార్, లైటు కనపడేది మా అక్కకి, ఆమెనే సూడండి" అన్నాడు. ఆ డాక్టరు నన్ను అదోలా చూసి, వచ్చారు కదా అని వాడికి ఈసీజీ తీయించాడు. ఆ కాగితం చూశాక ఇంక నా వైపు చూడలేదు. వాడిని లేచి నిలబడనివ్వలేదు. అంబులెన్సులో తిరుపతి పెద్దాసుపత్రికి పంపారు. రక్తనాళం మూసుకుపోతోందని స్టెంటు వేశారు. ఆ పూట అట్లాగే వదిలేసి ఉంటే దక్కేవాడు కాదన్నారు.

తర్వాత మీటరు మళ్ళీ విప్పించాను. నల్ల ప్లాస్టిక్కే.

చెంగల్రాయుడే వచ్చి చూపించాడని ఇప్పుడు మా ఆడబిడ్డ అంటోంది. బొట్టు మాట ఊసే ఎత్తదు. ఆమెకు ఏదైనా సులువే. నాకు మాత్రం లెక్క కుదరడం లేదు. మొదటిసారి అది వెలిగినప్పుడు ఆయన బతికే ఉన్నాడు, నన్ను బొట్టు అడిగాడు. మరి అప్పుడు వెలిగించింది ఎవరు? ఎవరైతేనేం, చెప్పేదేదో కొంచెం వివరంగా చెప్పకూడదా? చదువు రాని మనిషి కోసం ఒక బొమ్మ అయినా పెట్టకూడదా? ఎర్రది వెలిగితే ఉన్నచోటే ఆపాలని నాకు నేర్పినవాడు, తన దీపాన్ని తనే మూసేసుకుని పోయాడు. నా కోపం దయ్యం మీద కాదు, ఆయన మీద.

ఇంత జరిగాక మా తమ్ముడు మాట మారుస్తున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ, తను చూసింది ఆయిలు చెంబునే అంటాడు. బండి నడిపేటప్పుడు ఆ మూలకు మాత్రం కన్ను పోనివ్వడు. వాడూ చూశాడని నలుగురికీ తెలియడానికే నేను ఇది రాయిస్తున్నాను. వాడు చూడలేదంటే, బొట్టు పీకి ఇచ్చిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే మిగులుతాను.

రేయ్ మునిరత్నం, ఇందాక పుత్తూరు దగ్గర నా నోరు ఆడింది గానీ నీ పెన్ను ఆడలేదు. సూస్తానే ఉండాను. ఏదీ, ఆ చోటు చదువు. ఎర్రగా ఎలగతా ఉండాదని నువ్వన్న మాట రాసినావా, ల్యా? ఒక్కో మాట మీదా నీ ఏలు పెట్టి చూపిస్తా చదువు.