అత్తయ్యతో స్మగ్లర్ల సినిమాకి

మిషిగన్‌లోని మా నోవై నుంచి షికాగో వెళ్లాలంటే అందరూ కారే తీస్తారు. నాకు రైలంటే పిచ్చి. పైగా అక్కడొక పాత థియేటర్‌లో యాభైల నాటి ఫ్రెంచి సినిమా వేస్తున్నారు, సరిహద్దు స్మగ్లర్ల కథ. మా ఆయనకి అలాంటివి పడవు. ఇండియా నుంచి వచ్చి రెండు నెలలు దాటిన మా అత్తయ్యే, "నేనొస్తా పద" అంది.

శనివారం పొద్దున్నే డియర్‌బోర్న్ స్టేషన్‌లో కార్ పార్క్ చేసి ఆరున్నర రైలెక్కాం. రైల్లో కాఫీ మీద ఆశ పెట్టుకోకండి, ఫ్లాస్క్ తీసుకెళ్లండి. కలమజూలో ఎక్కిన తెలుగు స్టూడెంట్ అమ్మాయికి అత్తయ్య పులిహోర పెట్టింది. ఆ పిల్ల కరివేపాకు కూడా నమిలేసి, "ఇంత ఫ్రెష్‌గా ఎక్కడ దొరికింది ఆంటీ?" అంది. మా వంటింటి కిటికీలో మొక్క ఉందని, గుళ్లో ఎవరో అత్తయ్యకి ఇచ్చారని నేనే గొప్పగా చెప్పాను. అత్తయ్య మాత్రం బయటి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చుంది.

షికాగో టైమ్ మన మిషిగన్ కన్నా గంట వెనక. హోటల్లో బ్యాగులు పడేసి, తీరిగ్గా భోంచేసి మ్యాట్నీకి వెళ్లొచ్చు. సినిమాలో ఒక ముసలావిడ రొట్టెల్లో వాచీలు దాచి కొండ దాటిస్తుంది. చెక్‌పోస్ట్ జవాను ఆవిణ్ని తల్లిలా చూసుకుంటాడు, బుట్ట ఎప్పుడూ వెతకడు. సబ్‌టైటిల్స్ అత్తయ్య చెవిలో తెలుగులో చెబుతూ పోయాను. చివరికి గుట్టు బయటపడుతుంది. ముసలిదని ఆవిణ్ని వదిలేసి, జవాను ఉద్యోగం పీకేస్తారు. లైట్లు వేశాక కూడా అత్తయ్య లేవలేదు. సినిమా అంత నచ్చిందనుకుని మురిసిపోయాను.

ఆదివారం తిరుగు రైల్లో నెమ్మదిగా నోరు విప్పింది. ఆ మొక్క గుళ్లో ఇచ్చింది కాదట. పిలకని తడిగుడ్డలో చుట్టి, కుక్కర్‌లో పెట్టి, పైన చీరలు సర్ది తెచ్చిందట. ఎయిర్‌పోర్ట్‌లో కుర్ర ఆఫీసర్ మొక్కలేమైనా ఉన్నాయా అని అడిగితే తల అడ్డంగా ఊపిందట. అతను పెట్టె తెరవకుండానే, తనే ఎత్తి ట్రాలీ మీద పెట్టాడట.

"నా మాట నమ్మినందుకు ఆ పిల్లాడి ఉద్యోగం పోదు కదమ్మా?"

పోదని చెప్పాను. ఇలా వచ్చే మొక్కలతో తెగులు వచ్చి ఇక్కడి నారింజ తోటలు చచ్చిపోతాయని, అందుకే తేవద్దంటారని కూడా చెప్పక తప్పలేదు. నాకు కోపం రాలేదు, జాలేసింది. ఆ ఆకు వేసిన చారు ఇన్నాళ్లూ జుర్రుకుంటూ తాగింది నేనే కదా. సినిమా ఎలా ఉందంటే ఏం చెప్పను, నేను ఫొటోగ్రఫీ చూసొచ్చాను, ఆవిడ ఆ జవానును చూసొచ్చింది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. ఆవిడ చెప్పులు విప్పి తిన్నగా వంటింట్లోకెళ్లి, మొక్కని వేళ్లతో సహా పీకి, రెండు గార్బేజ్ కవర్లలో పెట్టి మూతి బిగించి కట్టింది. కుండీ కడిగి బోర్లించింది. తర్వాత పప్పు పెట్టింది.

మా ఆయన మొదటి ముద్ద తిని, "ఏంటమ్మా, ఇవాళ తాలింపులో ఏదో తగ్గింది?" అన్నాడు. అత్తయ్య నా వంక చూసింది.

"ఏం తగ్గలేదు, తినండి" అన్నాను.