అత్త ఇటుక

మా అత్త పోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. చుట్టం కాదు. భవానీపూర్‌లోని మా మునిసిపాలిటీ క్వార్టర్స్‌లో గోడకవతల ఉండేది. మాటలొచ్చిన దగ్గర్నుంచీ అత్తా అనే పిలిచాను. రిటైరై క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, పిల్లల్లేని మనిషి ఎక్కడికి పోతుందని, మా వరండాలోనే మంచం వేశాం. మంగళవారం పొద్దున టీ పట్టుకెళ్తే పలకలేదు.

శ్రీకాకుళం నుంచి పెళ్ళి చేసుకుని ఈ బెంగాలీ ఊరికి వచ్చింది. మొగుడు పోయాక అతని ఉద్యోగమే ఆవిడకిచ్చారు. తెల్లారకముందే రోడ్లు ఊడ్వడానికి పోయేది. కిరసనాయిలు పోసే వేళకి డ్యూటీలో ఉండేది. సాయంత్రమైతే కరెంటు పోయే రోజులవి, కిరసనాయిలు లేకపోతే కొంపంతా చీకటే. అందుకని రేషన్ షాపు క్యూలో తన బదులు ఒక ఇటుక పెట్టి, దానికి నన్ను కాపలా పెట్టింది. క్యూ కదిలినప్పుడల్లా నేను ఇటుకని జరపాలి. దానికి నాకు పది పైసలు. తొమ్మిదేళ్ళప్పుడు నాది అదే మొదటి ఉద్యోగం.

తర్వాత వీధంతా చెప్పి మిగతా పిల్లలకీ ఇటుకలు ఇప్పించింది. ఒకరు రెండు ఇటుకలకే కాపలా, మూడోది ముట్టుకోకూడదు. తన ఇటుక మీద సున్నంతో మూడు చుక్కలు పెట్టుకునేది. ఒకసారి బద్ధకించి దాన్ని కాలితో నెట్టాను. ఎక్కణ్ణుంచి చూసిందో ఏమో!

"ఓలె, సేత్తో జరపాల. అది ఇటికి కాదే, నానే ఆడ కూకున్నాననుకో."

ఇక నా ఘనకార్యం. ఓరోజు ఇస్త్రీ పంచె కట్టిన బెంగాలీ బాబు ఒకాయన వంగి, "ఖుకీ, చిన్నపాపా, నీ చోటు నాకిస్తావా?" అని చేతిలో అర్ధ రూపాయి పెట్టాడు. నాకు కళ్ళు తిరిగాయి. ఇటుక తీసి వెనక పెట్టి, నేరుగా ఝాల్‌మురీ మరమరాల బండి దగ్గరికి పరిగెత్తాను. అత్త వచ్చేసరికి కిరసనాయిలు డ్రమ్ము అడుగంటింది. ఆ సాయంత్రం ఆవిడ చీకట్లో తడుముకుంటూ వంట చేసింది. నేను గుమ్మంలో దెబ్బల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. కొట్టినా బాగుండేది.

"నిలబడ్డ కష్టం నీదేనమ్మా. వొంతు నాది కదే. నాది నువ్వెలాగ అమ్మీసినావు?"

ఝాల్‌మురీ ఎప్పుడో కడుపులోకి పోయింది. మర్నాడు పొద్దున అదే ఇటుక మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

పోయిన వారం కాళ్ళు వాచి, ఆయాసం ఎక్కువైతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. నేను క్యూలో, ఆవిడ గోడవారగా నేలమీద. ఎండెక్కింది. ఒక దళారీ వచ్చి, డబ్బిస్తే ముందువాళ్ళ టికెట్ ఇప్పిస్తానన్నాడు. పర్సు తీశాను. అంత ఆయాసంలోనూ చూసింది మహాతల్లి.

"ఆ వొంతు ఎవుల్దే?"

"ఎవరిదైతే నీకేంటి? నీకు ఊపిరాడట్లేదే!" అని అందరి ముందూ అరిచాను.

"ఏ తల్లి కూకుందో ఏటో. ఒగ్గీ."

పర్సు మూసేశాను. నలభై ఏళ్ళదాన్ని, ఆవిడ మాటకి తొమ్మిదేళ్ళదాన్నైపోయాను. మా ముందు ఇంకా ఏడుగురు ఉండగా కిటికీ మూసి, శుక్రవారం రమ్మన్నారు. ఆ శుక్రవారం నిన్న వచ్చింది, వెళ్ళింది.

దయచేసి ఆవిడ గొప్పదని నాతో అనకండి. నాకు ఒళ్ళు మండుతోంది. ఆవిడ నీతి పాడుగాను! ఆ మాట వినిపించుకోకుండా డబ్బు కట్టి ఉంటే ఈపాటికి వరండాలో కూర్చుని నన్ను తిడుతూ ఉండేదేమో. ఏమో, డాక్టరు చూసినా పోయేదేమో. ఎవర్ని అడగను? అడిగినా చెప్పేవాళ్ళెవరు?

ఇవాళ పొద్దున వీధి కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఈమధ్య ఆవిడ ఇటుక అక్కడే ఉండేది, నీళ్ళ లైన్లో. తీసి ఇంట్లో పెట్టుకుందామనుకున్నాను. ఈ పాటికి వెనక్కి నెట్టేసి ఉంటారనుకుంటే, అన్నిటికన్నా ముందుంది. మా క్వార్టర్స్ పిల్ల ఒకతి వంగి, రెండు చేతులా దాన్ని కుళాయి కిందికి జరుపుతోంది.

"అత్త లేదు కదే," అన్నాను.

"తెల్సప్పా. తియ్యమని ఎవులూ సెప్పలేదు," అంది. "వొంతొచ్చింది. బాల్టీ ఏదీ?"

నేను ఉత్త చేతుల్తో వచ్చాను. వెనక బిందెలతో ఉన్నవాళ్ళెవరూ ముందుకు రాలేదు. ఆ పిల్ల కుళాయి తిప్పేసింది. నీళ్ళు ఇటుక మీద పడుతున్నాయి, మూడు చుక్కల సున్నం తెల్లగా కాలవలోకి కారుతోంది.