తలుపుకు కొత్త రబ్బరు

మా పాత లారీ తలుపుల రబ్బరు చిరిగిపోయి, మిర్చి లోడు ఎత్తినప్పుడల్లా ఘాటంతా క్యాబిన్‌లోకి వచ్చేది. పోయిన సీజన్‌లో టేకులపల్లిలో నేనే కొత్త రబ్బరు వేశాను. అద్దాలు ఎత్తితే లోపల చడీచప్పుడు లేదు. హాయిగా అనిపించింది.

మర్నాడు ఖమ్మం యార్డులో లారీ రివర్స్ చేస్తున్నాను. ఎప్పుడూ వెనక మా అన్న నిలబడతాడు. ఆయన "ఆపు" అంటేనే ఆపడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆ మాట కోసమే చూస్తూ వెనక్కి పోనిచ్చాను. హమాలీలు పరుగున వచ్చి తలుపు బాదారు. దిగి చూస్తే అన్న కాలు చక్రం కింద ఉంది.

కాలు తీసేశాక దవాఖానాలో అన్న ఒక్కటే అడిగాడు. "మస్తు మొత్తుకున్న తమ్మీ, నీకు ఇనవడలేదా?"

నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడు అద్దాలు దించే నడుపుతున్నాను. కళ్లలో నీళ్లు మిర్చి ఘాటుకే వస్తున్నాయి.